కండల మందులు, బీపీ: 1938లోనే తెలిసిన ఉప్పు కథ

ఈ ఎపిసోడ్ గరిడేపల్లి నుంచి మాట్లాడుతున్నా. తెలియని వాళ్ల కోసం చెప్తా: మాది సూర్యాపేట జిల్లా, మిర్యాలగూడ నుంచి హుజూర్‌నగర్ మీదుగా కోదాడ పోయే రోడ్డు మీద ఊరు. సాగర్ ఎడమ కాలువ నీళ్లు, వరి పొలాలు, రైస్ మిల్లుల లారీలు. ఈ రోడ్డు మీద ఒకప్పుడు ఎరువుల దుకాణాలే కనబడేవి. ఇప్పుడు చిన్న చిన్న టౌన్లలో కూడా జిమ్ బోర్డులు, పక్కనే పెద్ద పెద్ద ప్రోటీన్ డబ్బాలు పెట్టిన షాపులు. మంచిదే, నాకేం కోపం లేదు. నేనూ పోతా జిమ్‌కి, కాకపోతే వారానికి రెండు రోజులు.

ఈ ఎపిసోడ్ ఎందుకు చేస్తున్నానంటే, మా చిన్నాయన కొడుకు వల్ల. ఇరవై మూడేళ్లు వాడికి. కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి తయారవుతున్నాడు. పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్. మొన్న ఒక రక్తదాన శిబిరానికి ఇద్దరం పోయినం. వాడి చెయ్యి చూసి అక్కడున్న సిస్టరే నవ్వింది, పట్టీ సరిపోతదా అని. బీపీ చూస్తే 158 కింద 100. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ చూసిన్రు. అంతే. రక్తం తీసుకోమన్నారు. వీడేమో, "అన్నా, మిషన్ ఖరాబైందే" అంటాడు. ఇంటికొచ్చే దారిలో బండి మీద మెల్లగా బయటపెట్టిండు. రెండు నెలల నుంచి ఏదో గోళీ వేసుకుంటున్నాడట. "స్టెరాయిడ్ కాదన్నా, ప్రోహార్మోన్. సేఫ్."

ఆ "సేఫ్" అనే మాటకి ఎనభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అదే చెప్తా ఈరోజు.

ముందు ఈ మందులు లేని కాలం నుంచి మొదలుపెడదాం. మా ఊరి పేరు వింటే నాకు గరిడి గుర్తొస్తది. సాముగరిడి అంటారు కదా, కుస్తీ, కర్రసాము నేర్పే చోటు. హైదరాబాద్ పాతబస్తీలో దాన్నే తాలీం అంటారు. శ్రీకాకుళం దిక్కు పోతే సంగిడి రాయి ఎత్తే పోటీలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ దిక్కు నుంచే వచ్చాడు కోడి రామమూర్తి నాయుడు. 1882లో వీరఘట్టంలో పుట్టాడు, విజయనగరంలో వ్యాయామం నేర్చాడు, సర్కస్ పెట్టాడు. ఛాతీకి చుట్టిన ఇనుప గొలుసులు తెంచడం, ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకోవడం, కారును తాడుతో లాగి ఆపడం. కలియుగ భీముడు అన్నారు ఆయన్ని. 1942లో పోయాడు.

ఇక్కడ తేదీలు చూడండి. ల్యాబులో టెస్టోస్టిరాన్ తయారైంది 1935లో. బుటెనాండ్ట్ ఒక పక్క, రుజిచ్కా ఇంకో పక్క, ఇద్దరూ అదే ఏడాది తయారుచేశారు, 1939 కెమిస్ట్రీ నోబెల్ ఇద్దరికీ పంచారు. రామమూర్తి నాయుడు ఏనుగులు ఎక్కించుకునే రోజుల్లో ప్రపంచంలో ఎక్కడా, ఏ షాపులోనూ కండల గోళీ అనేది లేదు. కాబట్టి "మందు లేకుండా అంత బలం రాదన్నా" అని ఎవడన్నా అంటే ఈ ఒక్క తేదీ చూపించండి.

మరి అంత బరువు ఎత్తినప్పుడు బీపీ పెరగదా అంటే, పెరుగుతది. మామూలుగా కాదు, ఘోరంగా పెరుగుతది. 1985లో కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు అయిదుగురు బాడీబిల్డర్ల చేతి ధమనిలోకే సన్నని గొట్టం పెట్టి, బరువులు ఎత్తించి కొలిచారు. రెండు కాళ్లతో లెగ్ ప్రెస్ చేస్తుంటే సగటున 320 కింద 250. ఒకాయనకైతే 480 కింద 350 దాటింది. మనకు 140 కింద 90 దాటితేనే బీపీ ఉందంటారు డాక్టర్లు! కానీ ఆ పెరగడం కొన్ని క్షణాలే. బరువు కింద పెట్టగానే దిగిపోతుంది. గరిడి బీపీ అట్లాంటిది, వచ్చి పోయేది. గోళీ బీపీ వేరు. మీరు పడుకున్నా, ఫోన్ చూసుకుంటున్నా అది పోదు, లోపలే కూర్చుంటుంది.

ఎట్లా కూర్చుంటుంది? దీని జవాబు చాలా పాతది.

1935లోనే అమెరికాలో కొకాకియన్ అనే సైంటిస్టు, వృషణాలు తీసేసిన కుక్కలకు మగ హార్మోన్ ఇచ్చి చూశాడు. శరీరం నత్రజనిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుకుంది. నత్రజని నిలిచిందంటే ప్రోటీన్ నిలిచిందని, అంటే కండ పెరిగే దారి. అందరూ ఇది గుర్తుపెట్టుకున్నారు. తర్వాత 1938 నుంచి చికాగోలో కెన్యన్ అనే డాక్టరు, పుట్టుకతోనో జబ్బుతోనో హార్మోన్ తక్కువైన మగవాళ్లకు టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు ఇచ్చి, వాళ్లు తిన్నదీ విసర్జించిందీ తూచి లెక్క రాశాడు. నత్రజని నిలిచింది, నిజమే. దాంతోపాటు సోడియం కూడా నిలిచింది. అంటే ఉప్పు. ఉప్పు నిలిస్తే నీళ్లు నిలుస్తాయి. మనిషి బరువు పెరిగింది, ఆ బరువులో కొంత కండ, కొంత నీళ్లు.

అంటే ఈ మందు గురించి మనుషుల మీద చేసిన మొట్టమొదటి పరీక్షల్లోనే ఉప్పు సంగతి కాగితం మీద ఉంది. కండ కోసం దీన్ని అమ్మడం అప్పటికి ఇంకా మొదలే కాలేదు. తర్వాత వచ్చినవాళ్లు ఆ కాగితంలో సగమే చదివారు. నాకు ఈ మొత్తం చరిత్రలో కోపం వచ్చేది ఇక్కడే.

ఉప్పుకీ బీపీకీ సంబంధం మన ఊరి లెక్కలో చెప్తా. బోరు మోటారు, దానికి పైపు. పైపులో నీళ్లు ఎక్కువైతే ప్రెషర్ ఎక్కువ. రక్తంలో ఉప్పు నిలిస్తే నీళ్లు చేరతాయి, పైపులో నిండుదనం పెరుగుతుంది. కొన్ని రకాల గోళీలు ఇంకో పని కూడా చేస్తాయి. కిడ్నీ మీద ఉండే అడ్రినల్ గ్రంథిలో ఒక ఎంజైమును అడ్డుకుంటాయి. దాంతో ఉప్పును పట్టి ఉంచే ఇంకో హార్మోన్ అక్కడ పేరుకుపోతుంది. ఇక రెండోది, రక్తం చిక్కబడటం. ఈ మందులు ఎర్ర కణాలను పెంచుతాయి. అసలు రక్తహీనతకు ఒకప్పుడు వీటిని మందుగా వాడింది అందుకే. జిమ్ పిల్లలు అది మంచిదే అనుకుంటారు, ఆక్సిజన్ ఎక్కువొస్తదని. కానీ చిక్కటి రక్తాన్ని తోయాలంటే గుండె ఎక్కువ గట్టిగా తోయాలి. ఎర్ర కణాల వాటా 54 శాతం దాటితే, నిజంగా హార్మోన్ లోపం ఉన్న పేషెంటుకి కూడా డాక్టర్లు ఇంజెక్షన్ ఆపేస్తారు.

మూడోది పైపు గట్టిపడటం. మెత్తగా సాగాల్సిన రక్తనాళం బిరుసెక్కుతుంది, మంచి కొలెస్ట్రాల్ పడిపోతుంది. ముఖ్యంగా నోటితో మింగే గోళీలతో చాలా పడిపోతుంది. నాలుగోది మోటారు. బైసెప్స్ పెరిగినట్టే గుండె గోడ కూడా మందమెక్కుతుంది. అది గొప్ప కాదు. మందమైన గుండె సరిగా వదులవ్వదు, సరిగా నిండదు.

ఇక కథలోకి. 1954లో వియన్నాలో ప్రపంచ వెయిట్‌లిఫ్టింగ్ పోటీలు. అమెరికా టీమ్ డాక్టర్ జాన్ జీగ్లర్. రష్యా లిఫ్టర్లు టెస్టోస్టిరాన్ వాడుతున్నారని అక్కడి డాక్టరే ఆయనతో అన్నాడని చెప్పుకుంటారు. జీగ్లర్ ఇంటికొచ్చి ఆలోచనలో పడ్డాడు. 1958లో సీబా కంపెనీ డయానబోల్ అనే గోళీ తెచ్చింది. జీగ్లర్ దాన్ని పెన్సిల్వేనియాలో యార్క్ క్లబ్ లిఫ్టర్లకు చిన్న మోతాదులో ఇచ్చాడు. వాళ్లేం చేశారు? ఆయన చెప్పినదానికి ఎన్నో రెట్లు మింగారు. ఒక గోళీకి ఇంత వస్తే పది గోళీలకు ఎంత రావాలి అనే లెక్క. ఎరువు విషయంలో మన రైతులు వేసే లెక్కే ఇది, యూరియా ఇంకో బస్తా. జీగ్లర్ తర్వాత దీన్ని మొదలుపెట్టినందుకు బాధపడ్డాడు. 1983లో గుండె జబ్బుతో పోయాడు. అదే ఏడాది అమెరికాలో సీబా డయానబోల్ అమ్మకం ఆపేసింది.

ఈలోగా తూర్పు జర్మనీలో ప్రభుత్వమే ప్లాను వేసి, ఓరల్ టురినబోల్ అనే నీలం గోళీలు క్రీడాకారులకు మింగించింది. అందులో పదమూడు, పద్నాలుగేళ్ల ఆడపిల్లలు కూడా ఉన్నారు, విటమిన్లని చెప్పి. దాని మీద వేరే ఎపిసోడ్ కావాలి, ఇక్కడ సరిపోదు. ఒలింపిక్ కమిటీ 1975లో నిషేధించింది, 1976 మాంట్రియల్‌లో పరీక్షలు మొదలుపెట్టింది. 1988 సియోల్‌లో బెన్ జాన్సన్ వంద మీటర్లు గెలిచి, స్టానొజోలాల్ బయటపడి మెడల్ పోగొట్టుకున్నాడు. 1990లో అమెరికా చట్టం చేసింది. అక్కడితో కథ అయిపోవాల్సింది.

కానీ కాలేదు. మా తమ్ముడు మింగిన గోళీ కథ మొదలయ్యేది ఇక్కడే.

1994లో అమెరికాలో ఇంకో చట్టం వచ్చింది. ఫుడ్ సప్లిమెంట్ అని పేరు పెడితే, మందుకి చేయాల్సినట్టు ముందే రుజువులు చూపాల్సిన పని లేదు. 1996లో ప్యాట్రిక్ ఆర్నాల్డ్ అనే కెమిస్టు ఆండ్రోస్టెన్‌డయోన్ అనే పదార్థాన్ని అక్కడి మార్కెట్లోకి తెచ్చాడు. ఇది స్టెరాయిడ్ కాదండీ, శరీరంలోకి పోయాక స్టెరాయిడ్‌గా మారే ముందు రూపం అన్నారు. ప్రోహార్మోన్ అంటే ఇదే. లోపల జరిగే పని ఒకటే. 1998లో బేస్‌బాల్ ఆటగాడు మార్క్ మెగ్వైర్ 70 హోమ్‌రన్లు కొట్టిన ఏడాది, ఆయన లాకర్‌లో ఈ డబ్బా కనబడిందని పేపర్లో వచ్చింది. ఇంక చెప్పాలా, డబ్బాలు ఎగిరిపోయాయి.

మజా ఏంటంటే, 1999లో దీన్ని పరీక్షిస్తే, కుర్రాళ్లకు బలం పెరగలేదు. రక్తంలో టెస్టోస్టిరాన్ కూడా పెరగలేదు. పెరిగింది ఈస్ట్రోజన్, అంటే ఆడ హార్మోన్. మంచి కొలెస్ట్రాల్ మాత్రం తగ్గింది. డబ్బు పెట్టి కొన్నది లాభం లేని నష్టం. 2004లో చట్టం మార్చి, 2005 జనవరి నుంచి అమెరికాలో వీటిని కూడా స్టెరాయిడ్ల లిస్టులో వేశారు. వెంటనే కెమిస్టులు అణువులో ఒక చిన్న ముక్క మార్చి కొత్త పేర్లతో వచ్చారు. అవి ఇంకా గట్టివి, లివర్‌ని కొట్టేవి. లేబుల్ మీద మాత్రం అదే పాత పేరు, ప్రోహార్మోన్. మా వాడు చూపించిన డబ్బా మీద తయారీ చిరునామా కూడా సరిగా లేదు. లోపల ఏముందో దేవుడికే తెలియాలి.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. జిమ్ షాపులో క్రియాటిన్ డబ్బా కూడా ఉంటది, అది దీనితో కలపకండి, అది స్టెరాయిడ్ కాదు. కండలో క్రియాటిన్ ఫాస్ఫేట్ రూపంలో శక్తి దాచుకుంటుందని 1927లో హార్వర్డ్‌లో కనుక్కున్న ఇద్దరిలో ఒకరు మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. ఇంకొకరు సైరస్ ఫిస్క్. ప్రపంచంలో ప్రతి జిమ్‌లోనూ తెలుగోడి పని ఉంది, ఆయన పేరు ఏ డబ్బా మీదా లేదు.

సరే, స్టెరాయిడ్ల వల్ల బీపీ ఎంత పెరుగుతది? నెదర్లాండ్స్‌లో వంద మంది మగవాళ్లను, వాళ్లంతట వాళ్లే వాడుకుంటున్నవాళ్లను, మొదట, మధ్యలో, ఆపిన తర్వాత కొలిచారు. వాడకం చివరికి పై బీపీ సగటున దాదాపు 7, కింది బీపీ దాదాపు 3 పెరిగింది. ఆపేశాక మెల్లగా మొదటికొచ్చింది. 7 అంటే చిన్నదనిపిస్తది. కానీ అది సగటు. కొందరికి ఏమీ పెరగదు, కొందరికి మా తమ్ముడిలాగా పెరుగుతది. ఎవరికి పెరుగుతుందో మింగే ముందు చెప్పే పరీక్ష లేదు. 2019లో అమెరికాలో టెస్టోస్టిరాన్ గోళీ ఒకటి, నిజంగా జబ్బున్నవాళ్ల కోసం, డాక్టర్ చీటీ మీద ఇచ్చేది, అనుమతి పొందింది. దాని మీద నల్ల గీతల పెట్టెలో అన్నిటికంటే పైన రాయించిన హెచ్చరిక ఏంటో తెలుసా? బీపీ పెరగొచ్చు అని. 1938 కాగితంలోని రెండో సగం, ఎనభై ఏళ్లకు డబ్బా మీదికొచ్చింది.

అదే ఏళ్ల తరబడి వాడితే? 2017లో అమెరికాలో 34 నుంచి 54 ఏళ్ల వెయిట్‌లిఫ్టర్లను 140 మందిని చూశారు. వాడనివాళ్ల గుండె ఒక్కో కొట్టుకోవడానికి లోపలున్న రక్తంలో సగటున 63 శాతం బయటికి తోస్తుంటే, వాడినవాళ్లది 52 శాతం. కిడ్నీల సంగతి ఇంకోటి. న్యూయార్క్‌లో డాక్టర్లు, ఏళ్లుగా స్టెరాయిడ్లు వాడిన పదిమంది బాడీబిల్డర్లలో తొమ్మిది మంది కిడ్నీల్లో వడపోత భాగాలు మచ్చలు కట్టడం చూసి 2010లో ప్రచురించారు. బీపీ కిడ్నీని పాడుచేస్తది, పాడైన కిడ్నీ బీపీని ఇంకా పెంచుతది. మన జిల్లాలో డయాలిసిస్‌కి వారానికి మూడుసార్లు బస్సెక్కే మనుషులను మీరు చూసే ఉంటారు.

మన దిక్కు ఇంకో కథ కూడా నడుస్తుంది, స్టెరాయిడ్ కంటే సూటిగా బీపీ మందే. మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్. ఆపరేషన్ కోసం నడుముకి మత్తు సూది ఇచ్చినప్పుడు బీపీ పడిపోతుంది, అప్పుడు పైకి లేపడానికి థియేటర్లో మత్తు డాక్టర్ ఇచ్చేది. ఆ పక్కనే మానిటర్ ఉంటది, డాక్టర్ ఉంటాడు. దాన్ని జిమ్‌లో నరాలు తేలడానికి, అలసట రాకుండా ఉండటానికి పొడుచుకుంటున్నారు. హైదరాబాద్‌లో పోలీసులు, డ్రగ్స్ కంట్రోల్ అధికారులు ఈ సీసాలు అమ్మేవాళ్లను చాలాసార్లు పట్టుకున్నారు. బీపీ బాగానే ఉన్న కుర్రాడు, బీపీ లేపే మందు పొడుచుకుని, ఆ మీద వంద కిలోలు ఎత్తడం! మెక్‌మాస్టర్ వాళ్ల లెక్క గుర్తుందిగా.

క్రీడల్లోనైతే కనీసం పట్టుకునేవాళ్లున్నారు. 2022లో మన దేశంలో 3,865 శాంపిళ్లు పరీక్షిస్తే 125లో నిషేధిత మందు దొరికింది. 2,000 పైన శాంపిళ్లు చేసిన దేశాల్లో అదే ఎక్కువ శాతం. అదే ఏడాది డోపింగ్ మీద చట్టం కూడా వచ్చింది. కానీ పోటీలకు పోని మన జిమ్ పిల్లగాడికి ఏ శాంపిలూ ఉండదు. వాడికున్న ఒకే పరీక్ష బీపీ మిషన్. 1896లో ఇటలీలో రివా-రోచ్చి చేతికి కట్టే పట్టీ తయారుచేశాడు, 1905లో రష్యాలో కొరొట్కోవ్ స్టెతస్కోప్ పెట్టి శబ్దం వినడం చెప్పాడు. అంత పాతది, అంత చవక. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: చెయ్యి లావుగా ఉంటే మామూలు పట్టీ బీపీని ఎక్కువ చూపిస్తది. పెద్ద పట్టీ అడగండి. అయిదు నిమిషాలు కూర్చుని, చాయ్, సిగరెట్, వర్కవుట్ లేకుండా, రెండుసార్లు చూపించుకోండి.

ఇంకో గందరగోళం తీర్చాలి. ఆస్తమాకి ఇన్‌హేలర్, కీళ్ల నొప్పికి డాక్టర్ ఇచ్చే ప్రెడ్నిసొలోన్, ఇవి కూడా స్టెరాయిడ్లే అంటారు, కానీ అవి వేరే జాతి, కండ పెంచవు. మీ అమ్మమ్మ ఇన్‌హేలర్‌ని ఈ వీడియో చూసి ఆపించకండి. కానీ లావెక్కడానికని షాపులో చీటీ లేకుండా ఇచ్చే గోళీల్లో ఈ జాతి కలిసి ఉంటది, దాంతో కూడా ఉప్పు నిలుస్తది, ముఖం ఉబ్బుతది, బీపీ పెరుగుతది.

మా తమ్ముడిని కొన్ని రోజులకు సూర్యాపేటలో డాక్టర్ దగ్గరికి తీసుకుపోయినం. నిజం చెప్పరా అంటే డబ్బా ఫొటో చూపించిండు. ఆయన తిట్టలేదు. పెద్ద పట్టీతో చూస్తే 150 కింద 96. ఆపమన్నాడు, గుండె స్కాన్, కిడ్నీ, లివర్ పరీక్షలు రాసిండు. బయటి హార్మోన్ మింగినన్నాళ్లు వృషణాలు తమ పని ఆపేస్తాయి, ఆపిన తర్వాత కొన్ని వారాలు నీరసం, దిగులు వస్తాయి, అప్పుడు భయపడి మళ్లీ మొదలుపెట్టకు, నా దగ్గరికి రా అన్నాడు. నిజంగానే దిగులు పడ్డాడు వాడు. పది రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, మా చిన్నమ్మ భయపడింది. మూడో నెలలో 134 కింద 86. బరువు అయిదు కిలోలు తగ్గింది. "కండ పోయిందన్నా" అన్నాడు. అందులో ఎంత కండ, ఎంత నీళ్లు అని కెన్యన్ లెక్క చెప్పినా. కాసేపు ఆలోచించి, "అయితే షాట్‌పుట్ దూరం ఎందుకు తగ్గలే?" అన్నాడు.

అదీ సంగతి. మీ జిమ్‌లో ఏ పేరుతో ఏం అమ్ముతున్నారో కామెంట్లలో రాయండి, షాపు పేర్లు మాత్రం వద్దు. వచ్చే ఎపిసోడ్ ఎల్లాప్రగడ సుబ్బారావు గారి మీద. ఉంటా మరి.